యేసు పుట్టుక, బాల్యం గురించి మీ ఇంట్లో విన్న కథలేవి? వాటిలో బైబిల్లో ఉన్నవేవి?

సండేస్కూల్_టీచరమ్మ
అందరికీ వందనాలు. మా సంఘంలో 18 ఏళ్లుగా సండే స్కూల్ చెప్తున్నాను. డిసెంబరు వచ్చిందంటే పిల్లలతో క్రిస్మస్ నాటకం వేయించాల్సిందే. మొన్న రిహార్సల్లో ఆరో తరగతి పాప ఒకతి లేచి, "టీచర్, జ్ఞానులు ముగ్గురని బైబిల్లో ఎక్కడుంది?" అని అడిగింది. మత్తయి రెండో అధ్యాయం తీశాను. బంగారము, సాంబ్రాణి, బోళము అని కానుకలు మూడున్నాయి కానీ, మనుషుల లెక్క లేదు. ఇన్నేళ్లుగా చదువుతూ నేనే గమనించలేదు.

ఆ పాప అంతటితో ఊరుకోలేదు. "మరి యేసయ్య చిన్నప్పుడు ఏం ఆడుకునేవాడు?" అంది. మా అమ్మమ్మ చెప్పిన మట్టి పిచ్చుకల కథ నోటిదాకా వచ్చింది. బాలయేసు బంకమట్టితో పిచ్చుకలు చేసి చప్పట్లు కొడితే అవి ఎగిరిపోయాయని చెప్పేది. ఇంటికొచ్చి నాలుగు సువార్తలూ వెతికాను. ఎక్కడా లేదు. దాన్ని బైబిలు కథగానే ఎంతమంది పిల్లలకు చెప్పానో తలుచుకుంటే రాత్రి నిద్ర పట్టలేదు. మీరు విన్నవి, మీ పిల్లలకు చెప్తున్నవి దయచేసి రాయండి.

పాత_గ్రంథాలు
టీచరమ్మగారూ, ఆ కథ మీ అమ్మమ్మగారు కల్పించింది కాదు. తోమా పేరుతో ఉన్న బాల్య సువార్త అని ఒక పాత గ్రంథం ఉంది. రెండో శతాబ్దం నాటిదని పండితులు ఎక్కువమంది అంటారు. అందులో యేసుకు ఐదేళ్లు. వాన వెలిశాక వాగు రేవు దగ్గర ఆడుకుంటూ మెత్తటి మట్టితో 12 పిచ్చుకలు చేస్తాడు. ఆ రోజు విశ్రాంతి దినం. ఎవరో వెళ్లి యోసేపుకు చెప్తే, ఆయన వచ్చి కేకలేస్తాడు. బాలుడు చప్పట్లు కొట్టి "వెళ్లండి" అంటే అవి కిచకిచలాడుతూ ఎగిరిపోతాయి.

అదే గ్రంథంలో ఇంకో ముచ్చట ఉంది. యోసేపు మంచం చేస్తుంటే ఒక చెక్క పొట్టిదవుతుంది. పిల్లవాడు రెండో కొస పట్టుకుని లాగి సమానం చేస్తాడు. వడ్రంగం ఇంట్లో పిల్లలు తండ్రికి సాయం చేయడం చూసినవాళ్లు అల్లిన కథ అనిపిస్తుంది నాకు.

కానీ మిగతా భాగం చదివితే కష్టంగా ఉంటుంది. పరిగెత్తుతూ భుజం తగిలించిన పిల్లవాణ్ణి బాలయేసు శపిస్తే వాడు అక్కడే పడి చనిపోతాడు. అక్షరాలు నేర్పబోయిన గురువును అవమానిస్తాడు. ఈ అక్షరాల కథను క్రీ.శ. 180 ప్రాంతంలోనే ఐరేనియస్ అనే బిషప్ దొంగ రాతల్లోది అని కొట్టిపారేశాడు. లూకా అయితే ఆ పిల్లవాడు "జ్ఞానమందును, వయస్సునందును" వర్ధిల్లాడని ఒక్క వాక్యంలో చెప్పి ఊరుకున్నాడు. రెండూ పక్కపక్కన పెట్టి చదివితే సంఘం దేన్ని ఎందుకు ఉంచుకుందో మనసుకు తెలుస్తుంది.

వాక్యమే_చాలు
సిస్టర్, నా మాట కఠినంగా ఉంటే క్షమించండి. ఆ కథలు గుడిలో చెప్పకపోవడమే మంచిది. నేను కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవాణ్ణి. మొదట్లో ఇలాంటివి విని, తర్వాత బైబిల్లో లేవని తెలిసి, మిగతావి కూడా ఇంతేనేమో అని ఏడాదిపాటు చాలా మథనపడ్డాను. పిల్లలకు ఆ పరిస్థితి రాకూడదు. లేని దాన్ని ఉందని చెప్పకండి.

మంత్రసాని_మనవరాలు
వాక్యమే చాలు అన్నగారి బాధ నాకు అర్థమైంది. అయినా నాకు ఎంతో ఇష్టమైన ఒక పాత కథ ఇక్కడ చెప్పాలని ఉంది, అది బైబిల్లో లేదని ముందే చెప్పి.

నేను ప్రసూతి వార్డులో నర్సును. మా నాయనమ్మ పల్లెలో మంత్రసాని. లూకా సువార్తలో మరియమ్మ బిడ్డను "పొత్తిగుడ్డలతో చుట్టి" అని ఉంటుంది కదా. ఆ మాట చదివినప్పుడల్లా నాయనమ్మ చేతులు కళ్లకు కడతాయి. కాన్పు నెల దగ్గర పడగానే ఇంట్లో ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు చీర ఒకటి అడిగి తీసుకునేది. అంచు తీసేసి చించేది, ఆ అంచు పసిబిడ్డ ఒంటికి గీసుకుంటుందని. ముక్కల్ని వేడినీళ్లలో మరిగించి ఎండలో ఆరేసి, మడతపెట్టి మూటకట్టి ఉంచేది. కొత్త బట్ట వాడనిచ్చేది కాదు. బేత్లెహేములో ఆ గుడ్డలు ఎవరు సిద్ధం చేశారు, నజరేతు నుంచి మరియమ్మే మూట కట్టుకుని తెచ్చుకుందా అని ఆలోచిస్తూ ఉంటాను. దారిలోనే నొప్పులు రావచ్చని తెలిసిన తల్లి చేసే పని అది.

ఇక కథ. యాకోబు పేరుతో ఉన్న ఆదిసువార్త, ఇదీ రెండో శతాబ్దానిదే. మరియమ్మ తల్లిదండ్రులు యోవాకీము, అన్నమ్మ అని మన కథోలిక ఇళ్లలో చెప్పుకునే పేర్లు మొదట కనిపించేది అందులోనే. మరియమ్మను మూడో ఏట దేవాలయంలో విడిచిపెట్టడం, యోసేపు వయసు మళ్లిన విధురుడు కావడం, బిడ్డ గుహలో పుట్టడం అన్నీ అక్కడివే. యోసేపు ఆమెను గుహలో ఉంచి మంత్రసానిని వెతకడానికి వెళ్తాడు. నడుస్తూ తలెత్తి చూస్తే ఆకాశం ఆగిపోయి ఉంటుంది. పక్షులు గాలిలో ఎక్కడివక్కడే. అన్నం ముందు కూర్చున్న కూలీలు గిన్నెలో చెయ్యి పెట్టి అలాగే ఉండిపోతారు. గొర్రెల్ని అదిలించబోయిన కాపరి చెయ్యి పైకెత్తినది ఎత్తినట్టే. ఏటి దగ్గర మేకపిల్లల మూతులు నీళ్లను తాకి ఉంటాయి కానీ తాగవు. కాసేపటికి మళ్లీ అన్నీ కదులుతాయి.

నైట్ డ్యూటీలో బిడ్డ బయటికొచ్చి ఇంకా ఏడవని ఆ కొన్ని క్షణాలు నాకు తెలుసు. గదిలో ఎవరం ఊపిరి తీసుకోం. ఆ కథ రాసినవాడెవడో పురిటి గుమ్మం ముందు నిలబడి ఎదురుచూసిన మనిషే అని నా నమ్మకం.

కర్నూలు_మాస్టారు
మాది ముస్లిం కుటుంబం. ఈ చర్చ చదువుతుంటే మా నానీమా గుర్తొచ్చి రాస్తున్నాను. మట్టి పక్షి మా ఖురాన్‌లోనూ ఉంది. ఈసా అలైహిస్సలాం, అంటే మీ యేసు, మట్టితో పక్షి రూపం చేసి ఊదితే అల్లాహ్ అనుమతితో అది ప్రాణమున్న పక్షి అవుతుంది. 3వ సూరాలో, 5వ సూరాలో వస్తుంది. 19వ సూరాకు పేరే మర్యం. అందులో ఆమె ఒంటరిగా ఖర్జూర చెట్టు మొదలు దగ్గర నొప్పులు పడుతూ, ఇంతకు ముందే చనిపోయి ఉంటే బాగుండేది అనుకుంటుంది. దుఃఖించవద్దనీ, కాళ్ల దగ్గరే సెలయేరు ఉందనీ, చెట్టు ఊపితే పండిన కాయలు రాలతాయనీ ఒక స్వరం చెప్తుంది. మా ఇంట్లో పురిటి మనిషికి ఖర్జూరాలు పెట్టేటప్పుడు నానీమా ఈ కథ చెప్పకుండా పెట్టేది కాదు. మా ఆవిడ మొదటి కాన్పులో భయపడి ఏడుస్తుంటే ఆ ఆయతులే చదివి వినిపించింది. మర్యం అంతటి తల్లే అలా అనుకుందంటే నువ్వు ఏడవడం తప్పు కాదమ్మా అంది.

పాత_గ్రంథాలు
మాస్టారూ, రాసినందుకు చాలా సంతోషం. మత్తయి పేరు పెట్టి లాటిన్‌లో తర్వాతి కాలంలో వచ్చిన ఒక గ్రంథంలోనూ ఖర్జూర చెట్టు ఉంది. అక్కడ అది ఐగుప్తుకు పారిపోయే దారిలో వస్తుంది. బాలుడు చెప్పగానే చెట్టు తల్లి పాదాల దాకా వంగుతుంది, వేళ్ల దగ్గర నీళ్లు ఊరతాయి. మనం పశువుల పాకలో పెట్టే ఎద్దు, గాడిద బొమ్మలు కూడా ఆ గ్రంథంలోనే తొట్టి దగ్గర కనిపిస్తాయి. మత్తయిలో, లూకాలో అవి లేవు. యెషయా మొదటి అధ్యాయంలోని "ఎద్దు తన కామందు నెరుగును" అన్న మాట నుంచి వచ్చాయి. 1223లో ఇటలీలోని గ్రెచ్చో అనే ఊళ్లో అస్సీసి ఫ్రాన్సిసువారు నిజం ఎద్దునూ గాడిదనూ నిలబెట్టి క్రిస్మస్ చేశారు. పాక కట్టే ఆనవాయితీ అక్కణ్ణుంచే బాగా వ్యాపించింది.

మెదక్_మనిషి
మా ఊరి చర్చిలో రంగుటద్దాల కిటికీల్లో ఒకటి యేసు జననానిది. నేను చదువు నేర్వకముందు ఈ కథ నేర్చుకుంది ఆ అద్దం ముందు నిలబడే. పగటి వెలుతురు ఉంటేనే బొమ్మ కనబడుతుంది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన గుడి అది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చే ముసలివాళ్లు ఇప్పటికీ మనవళ్లను ఎత్తుకుని ఆ కిటికీ చూపిస్తూ కథ చెప్తుంటారు. ఎవరి కథ వాళ్లది, కొంచెం కొంచెం తేడాతో.

సండేస్కూల్_టీచరమ్మ
ఇన్ని సంగతులు ఒక్కరోజులో! ఇంకో సందేహం. మా నాటకంలో సత్రం యజమాని ఉంటాడు. "చోటు లేదు పొండి" అని తలుపు వేస్తాడు. ఆ వేషం కోసమే అబ్బాయిలు కొట్టుకుంటారు. అతనూ లేడంటారా?

బేత్లెహేము_యాత్ర
లేడు టీచరమ్మా. సత్రం అన్న మాట మాత్రమే ఉంది. అక్కడ గ్రీకులో ఉన్న మాట కటాలూమా. లూకా 22వ అధ్యాయంలో ప్రభువు కడరాత్రి భోజనం చేసిన గదికీ అదే మాట. మన తెలుగు బైబిల్లో దాన్ని "విడిది గది" అన్నారు. మంచి సమరయుడి కథలో డబ్బులిచ్చి దిగే చోటుకు లూకా వేరే మాట వాడాడు. తెలుగులో అది "పూటకూళ్లవాని యిల్లు". అందుకని మొదటిచోట కూడా విడిది గదే అని చాలామంది పండితులు అంటారు. జనాభా లెక్కలకని చుట్టాలంతా దిగారు, విడిదిలో చోటు లేదు, బిడ్డను పశువులుండే వైపు తొట్టిలో పడుకోబెట్టారు. ఆ కాలపు ఇళ్లలో రాత్రిపూట పశువుల్ని ఇంట్లోనే కింది భాగంలో కట్టేసేవాళ్లు. పెళ్లి ఇంట్లో గదులన్నీ నిండితే బాలింతను ఎక్కడ పడుకోబెడతామో అనుకోండి. కసిరి తరిమేశారన్నది మనం చేర్చుకున్నదే.

గుహ మాట కూడా పాతదే, రెండో శతాబ్దంలోనే జస్టిన్ అనే క్రైస్తవ రచయిత రాశాడు. బేత్లెహేములో జనన మందిరం కింద ఆ గుహను చూశాను. మందిరంలోకి పోయే వాకిలి ఎంత చిన్నదంటే నడుం వంచనిదే ఎవరూ దాటలేరు. మెట్లు దిగితే నేలమీద 14 మొనల వెండి నక్షత్రం. మా బృందంలో ఒక పెద్దావిడ మోకాళ్ల నొప్పులతో మెట్లు దిగలేక ఇబ్బంది పడింది. ఇద్దరం పట్టుకుని దించాం. నక్షత్రం మధ్యలో చెయ్యి పెట్టి, ఏ ప్రార్థనా చెయ్యకుండా, "పాపం, చలికి ఎలా ఉందో తల్లి" అంది. ఆ మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది.

గుణదల_అమ్మ
బాల్యం గురించి బైబిల్లో ఉన్నది తక్కువే కానీ, ఉన్న ఆ ఒక్క సంగతి నాకు చాలు. పన్నెండేళ్లప్పుడు పస్కా పండుగకు వెళ్లి తప్పిపోవడం.

మా వాడికి తొమ్మిదేళ్లప్పుడు ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్లకు వెళ్లాం. నేను వాడు నాన్నతో ఉన్నాడనుకున్నాను, ఆయన నాతో ఉన్నాడనుకున్నారు. కొండ దిగాక చూసుకుంటే లేడు. మా పిన్నివాళ్ల దగ్గర, మా వీధివాళ్ల దగ్గర, కొవ్వొత్తుల కొట్ల దగ్గర అడుగుతూ పరిగెత్తాను. గంటన్నర. చివరికి కొండమీదే, పాటలు పాడే బృందం పక్కన కూర్చుని తాళం వేస్తూ కనిపించాడు. నన్ను చూసి, "ఎందుకమ్మా ఏడుస్తున్నావు, నేను ఇక్కడే ఉన్నాగా" అన్నాడు.

ఆ రాత్రి లూకా రెండో అధ్యాయం తీశాను. "తమ బంధువులలోను నెళవైనవారిలోను ఆయనను వెదకుచుండిరి" అని ఉంది. అచ్చం నేను చేసిందే. నాది గంటన్నర, ఆ తల్లిది మూడు రోజులు. "నేను నా తండ్రి పనులమీద నుండవలెనని మీరెరుగరా" అని కొడుకు అంటే, ఆ మాట వాళ్లకు అర్థం కాలేదని కూడా లూకా దాచకుండా రాశాడు. మహిమలు ఏమీ లేని ఈ కథ ముందు పిచ్చుకలు ఎగరడం నాకు చిన్నదిగా కనిపిస్తుంది.

కోనసీమ_కువైట్
అక్కా, మీది చదివి కళ్లు చెమర్చాయి. నేను ఇక్కడ ఇళ్లలో పనికి వచ్చి ఏడేళ్లు. నా బిడ్డ అమ్మ దగ్గర పెరుగుతోంది. మా పక్క ఫ్లాట్‌లో పనిచేసే ఐగుప్తు ఆవిడ కోప్టిక్ క్రైస్తవురాలు. వాళ్ల క్రిస్మస్ జనవరి 7న. అంతకు ముందు 43 రోజులు మాంసం, పాలు ముట్టరు. మనకు ఐగుప్తు ప్రయాణం మత్తయిలో నాలుగైదు వచనాలు, వాళ్లకు అది సొంత ఊరి కథ. కైరోలోని మతరియాలో మరియమ్మ చెట్టు ఉందట. తల్లి ఆ నీడలో కూర్చుందని చెప్తుంది. జూన్ 1న ప్రభువు తమ దేశంలో అడుగుపెట్టిన పండుగ కూడా చేస్తారు. "మీ దేశానికి రాలేదు, మా దేశానికి వచ్చాడు" అని మురిసిపోతుంది. రాత్రికి రాత్రి బిడ్డను ఎత్తుకుని పరాయి దేశం పోయినవాళ్లు, రాజు చచ్చాక గాని తిరిగి రాలేకపోయినవాళ్లు. ఆ భాగం చదివితే నాకు మొదట గుర్తొచ్చేది యోసేపు. అక్కడ ఎవరి దగ్గర పని దొరికిందో, భాష ఎలా నేర్చుకున్నాడో!

వాక్యమే_చాలు
మంత్రసాని మనవరాలు సిస్టర్, మీరు "ఇది బైబిల్లో లేదు" అని ముందే చెప్పి చెప్పిన తీరు నాకు నచ్చింది. అలా చెప్తే నాకు అభ్యంతరం లేదు. ఒక మాట మాత్రం. బిడ్డను దేవాలయానికి తెచ్చినప్పుడు వాళ్లు అర్పించింది గువ్వల జతో, రెండు పావురపు పిల్లలో. లేవీయకాండం 12లో చూడండి, గొర్రెపిల్లను తెచ్చే స్తోమత లేనివాళ్లకు ఇచ్చిన వెసులుబాటు అది. వాళ్లు ఎంత పేదవాళ్లో ఆ రెండు పక్షులే చెప్తాయి. పిల్లలకు పక్షుల కథే కావాలంటే ఇది చెప్పండి సిస్టర్.

సండేస్కూల్_టీచరమ్మ
మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియట్లేదు. నిన్న ఆదివారం పిల్లల్ని కూర్చోబెట్టి, పిచ్చుకల కథ పాతది, బైబిల్లోది కాదు, ఇన్నాళ్లూ నేను తప్పు చెప్పాను అని ఒప్పుకున్నాను. ఒక్కరూ నవ్వలేదు. తర్వాత గువ్వల జత సంగతి చెప్పాను.

నాటకం మార్చాం. జ్ఞానులు ఈసారి ఐదుగురు, వేషం దొరకని పిల్లలకు అవకాశం వచ్చింది. వాళ్లు పాకలోకి కాదు, మత్తయి రాసినట్టు ఇంట్లోకి వస్తారు. సత్రం యజమానిని తీసేశాం. ఆ అబ్బాయి ఇప్పుడు విడిదిలో తన చాప తీసి మరియమ్మకు పరిచే చుట్టం. పొత్తిగుడ్డల కోసం మా అమ్మమ్మ నూలు చీర ఒకటి బీరువాలోంచి తీశాను. అంచు చించుతుంటే ఆ పాప పక్కనే కూర్చుని దారాలు ఏరింది. "టీచర్, తప్పిపోయిన సీను కూడా పెడదాం, వెతికే మరియమ్మగా నేను చేస్తా" అంది. డైలాగులు రాసుకుంటానని నోట్‌బుక్ ఇంటికి పట్టుకెళ్లింది.