మినిమమ్ దగ్గర తల ఎత్తగానే ముక్కు దిగిపోతోంది, ఎవరికైనా ఇలా అయ్యిందా?

కొత్తరెక్క:
అందరికీ నమస్కారం. ఎ320 సిమ్యులేటర్ ట్రైనింగ్‌లో ఉన్నాను. ఐఎల్ఎస్ (రన్‌వే దాకా దారి చూపే రేడియో సిగ్నల్) మీద 200 అడుగుల ఎత్తు దాకా లోకలైజర్ (కుడి ఎడమలు), గ్లైడ్ స్లోప్ (దిగే వాలు) సూచికలు రెండూ మధ్యలోనే ఉంటాయి. "మినిమమ్" (లైట్లో రన్‌వేనో కనపడకపోతే ఇక దిగకూడని ఎత్తు) అని వినగానే తల ఎత్తి, లైట్లు చూసి ఆటోపైలట్ తీసేస్తాను. అంతే, నాకు తెలియకుండానే ముక్కు కిందికి పోతుంది. నిన్న మూడుసార్లు ఇదే వరస. రాత్రి నిద్ర పట్టలేదు.

పాతకెప్టెన్:
నాకూ అయ్యింది బాబూ. ఇలా దిగాల్సిన దారి కన్నా కిందికి పోవడాన్నే డక్ అండర్ అంటాం. 200 అడుగుల దగ్గర రన్‌వే అంచు ఇంకా 870 మీటర్ల దూరంలో ఉంటుంది. ఆర్‌వీఆర్ (రన్‌వే మీద ఎంత దూరం కనపడుతుందో ఆ కొలత) 550 మీటర్లే ఉంటే నీకు కనపడేది రన్‌వే కాదు, అప్రోచ్ లైట్లలో కొన్ని మాత్రమే. చుట్టూ తెలుపు, హొరైజన్ ఉండదు. కళ్లు ఆ లైట్ల మీదికి పోతే చెయ్యీ అటే పోతుంది. లైట్లు కనపడ్డాక కూడా సింక్ రేటు (కిందికి దిగే వేగం) మీద ఓ చూపు ఉంచు. 140 నాట్లకి నిమిషానికి 700 అడుగులు ఉండాలి. 900 దాటుతోందంటే నువ్వు తోసేస్తున్నట్టే.

బెజవాడ_ఎఫ్ఓ:
తమ్ముడూ, ఆటోపైలట్ తీశాక ఒక్క క్షణం స్టిక్ ముట్టుకోకు. ఎయిర్‌బస్ కదా, వదిలేస్తే ఉన్న దారినే పట్టుకుంటుంది. నాకు ఇదే పనిచేసింది.
ఇంకోటి చెప్పాలి. ఓ జనవరి పొద్దున గన్నవరంలో మినిమమ్ దగ్గర లైట్లు కనపడ్డాయి, దిగుతుంటే మంచు మళ్లీ మూసేసింది. కెప్టెన్ గారు "గో అరౌండ్" (దిగకుండా మళ్లీ పైకి) అనేలోపే నా చెయ్యి థ్రస్ట్ లీవర్లను టోగాలోకి, అంటే ఇంజన్ల పూర్తి శక్తికి, నెట్టేసింది. గుండె దడ పైకి వెళ్లాక గానీ తెలియలేదు. హైదరాబాద్ వెళ్లిపోయాం. ఎవరూ ఒక్క మాట అనలేదు.

ఢిల్లీబేస్:
మా దగ్గర డిసెంబర్ పొగమంచులో క్యాట్ 3 (దాదాపు ఏమీ కనపడనప్పటి అప్రోచ్) ఆటోల్యాండే చేస్తాం, అంటే ఆటోపైలటే దింపుతుంది. అప్పుడు "రిటార్డ్" (థ్రస్ట్ లీవర్లు వెనక్కి లాగమని విమానం చెప్పే) పిలుపు 10 అడుగులకి వస్తుంది, చేత్తో దింపితే 20కే. ఆ తేడా చెవికి ముందే అలవాటు చేసుకో.

కొత్తరెక్క:
అన్నా, సార్, చాలా థ్యాంక్స్. ఇవాళ స్టిక్ వదిలి చూశాను. నాలుగింట్లో మూడుసార్లు పాపి (రన్‌వే పక్కన ఎత్తు సరిగా ఉందో లేదో చూపే నాలుగు లైట్లు) రెండు తెలుపు, రెండు ఎరుపు, అంటే సరైన దారి. నాలుగోసారి మళ్లీ మూడు ఎరుపులు వచ్చాయి, అంటే కాస్త కిందికి పోయాను. ఎల్లుండి ఇంకో సెషన్ ఉంది, అయ్యాక రాస్తాను.