పట్నం పెరిగితే పోటీ పెరగాలి కదా, గుత్తాధిపత్యం ఎలా వచ్చింది?

కరకంబాడి రోడ్డు:
అన్నలకు, అక్కలకు నమస్కారం. గ్రూప్స్‌కి చదువుతున్నాను. పంతొమ్మిదో శతాబ్దం చివర అమెరికాలో ఫ్యాక్టరీలు వచ్చాయి, నగరాలు పెరిగాయి, గుత్త సంస్థలు పుట్టాయి అని పుస్తకంలో ఒకే వాక్యంలో తేల్చేశారు. ఊరు పెరిగితే కొనేవాళ్లు పెరుగుతారు, దాంతో అమ్మేవాళ్లూ పెరగాలి కదా? మరి వ్యాపారమంతా ఒకరిద్దరి చేతుల్లోకి ఎలా పోయింది? రేణిగుంట, శ్రీసిటీ వైపు వస్తున్న ఫ్యాక్టరీలను చూస్తుంటే ఇది పరీక్ష కోసమే కాదు, నిజంగానే తెలుసుకోవాలని ఉంది.

పాకాల జంక్షన్:
తమ్ముడూ, ఫ్యాక్టరీని పక్కనపెట్టి రైలు వైపు నుంచి చూడు. 1850లో షికాగో జనాభా 30 వేలు, 1890 నాటికి 10 లక్షలు దాటింది. అంతమందికి తిండి, దీపానికి నూనె చుట్టుపక్కల పల్లెల నుంచి సరిపోవు, దూరం నుంచి రైల్లో రావాల్సిందే. అంటే కిరాయి ఎవరికి తక్కువ పడితే వాళ్లదే వ్యాపారం. రాక్‌ఫెల్లర్ అనే వ్యాపారి 1870లో క్లీవ్‌లాండ్ నగరంలో స్టాండర్డ్ ఆయిల్ అనే చమురు శుద్ధి కంపెనీ పెట్టాడు. రోజూ ఇంత సరుకు తప్పకుండా ఇస్తానని రైల్వే కంపెనీలకు మాటిచ్చి కిరాయిలో రహస్యంగా తగ్గింపు తెచ్చుకున్నాడు. 1872లో చేసుకున్న ఒప్పందం ఇంకా ఘోరం, పోటీదారులు తమ పీపాలకు కట్టే కిరాయిలోంచి కూడా కొంత ఈయన గుంపుకే వచ్చేలా రాసుకున్నారు! అది బయటపడి, గొడవై, రద్దయింది. కానీ ఈలోపే ఆ ఊళ్లోని 26 శుద్ధి కర్మాగారాల్లో 22 ఆయన చేతికి వచ్చేశాయి. 1880కల్లా దేశంలో చమురు శుద్ధిలో దాదాపు 90 శాతం ఆయనదే.

బైరాగిపట్టెడ:
ఒక్క మాట. ఆ కాలంలో కిరసనాయిలు ధర బాగా తగ్గింది, పేదవాడి ఇంట్లోనూ దీపం వెలిగింది. పెద్ద కర్మాగారంలో ఖర్చు తగ్గుతుంది, వృథా తగ్గుతుంది, అది కూడా చెప్పాలి కదా అన్నా.

దామలచెరువు రైతుబిడ్డ:
కొనేవాడికి ధర తగ్గింది, ఒప్పుకుంటాను. సరుకు ఇచ్చేవాడి సంగతేంటి? షికాగోలో 1865లో పెద్ద పశువుల సంత పెట్టారు, ఆ తర్వాత మంచుతో చల్లబరిచే రైలు పెట్టెలు వచ్చాయి. అక్కడే కోసి మాంసాన్ని దూరపు నగరాలకు పంపడం మొదలయ్యాక పశువులు పెంచేవాళ్లు నాలుగైదు కంపెనీలు చెప్పిన రేటుకే ఇవ్వాల్సి వచ్చింది. అమ్మేవాడు ఒక్కడైతేనే గుత్తాధిపత్యం అనుకుంటాం, కొనేవాళ్లు కొద్దిమందే అయినా రైతుకు పడే దెబ్బ అదే.

మన తోతాపురి మామిడి సంగతి చూడండి. కాయ కోశాక ఆగదు, ఎండలో ట్రాక్టర్ మీద మెత్తబడుతుంది, రసం కారుతుంది. గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు లైన్లో ఉన్న రైతు రేటు నచ్చలేదని బండి తిప్పుకుని ఎక్కడికి పోతాడు? 2025లో కాయల్ని రోడ్డు మీద పారబోసింది అందుకే. కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు అని ప్రకటించాల్సి వచ్చింది. ఫ్యాక్టరీలు రావద్దని నేను అనను, అవి లేకపోతే కాయకు ఆ మాత్రం గిరాకీ కూడా ఉండదు. కానీ పక్క మండలంలో ఇంకో కొనుగోలుదారు, మాట మీద నిలబడే రైతు సంఘం లేనప్పుడు బేరం ఆడటం మన చేతిలో ఉండదు.

కరకంబాడి రోడ్డు:
ఇప్పుడు అర్థమైంది అన్నా. మరి చివరికి దాన్ని ఎలా అడ్డుకున్నారు?

పాకాల జంక్షన్:
ముందు రైలు కిరాయిల మీదే చట్టం తెచ్చారు, 1887లో. 1890లో గుత్తాధిపత్యాన్ని అడ్డుకునే షెర్మన్ చట్టం వచ్చింది, దాని కింద 1911లో సుప్రీంకోర్టు తీర్పుతో స్టాండర్డ్ ఆయిల్‌ను 34 కంపెనీలుగా విడగొట్టారు. చట్టం వచ్చిన 21 ఏళ్లకు! మన దగ్గర ఇలాంటివే 1969లో ఎంఆర్‌టీపీ (గుత్తాధిపత్య నియంత్రణ) చట్టం, ఆ తర్వాత 2002లో కాంపిటీషన్ చట్టం వచ్చాయి. పరీక్షలో 1887 చట్టాన్ని వదిలేయకు తమ్ముడూ, చాలామంది నేరుగా షెర్మన్‌కి దూకేస్తారు.