విదేశాల నుంచి తిరిగి వచ్చాక కారులో స్నేహితుల ఇళ్లకు: తిరుపతి నుంచి బయలుదేరేవారికి మీ అనుభవాలు చెప్పండి

అలిపిరి వాసి:
చాలా ఏళ్లు మస్కట్‌లోనూ, ఆ తర్వాత డాలస్‌లోనూ ఉద్యోగం చేసి, ఇటీవలే తిరుపతికి పూర్తిగా వచ్చేశాను. ఎస్వీ యూనివర్సిటీ హాస్టల్లో నాతో ఉన్నవాళ్లు ఇప్పుడు బెంగళూరు, పుణె, నాగపూర్, ఢిల్లీ, హైదరాబాద్‌లలో స్థిరపడ్డారు. ఇన్నేళ్లలో ఫోన్లో పలకరించుకోవడమే తప్ప, ఒకరింటి పెళ్లికి గానీ చావుకు గానీ మరొకరం వెళ్లలేకపోయాం. నేనూ నా భార్యా కారులో బయలుదేరి, చిత్తూరు మీదుగా బెంగళూరు చేరి, అక్కడి నుంచి పుణె, నాగపూర్, ఢిల్లీ చూసుకొని, తిరుగు దారిలో హైదరాబాద్, కడప మీదుగా ఇల్లు చేరాలని అనుకుంటున్నాం. సొంత కారు ఇంకా కొనలేదు. బావమరిది కారు తీసుకోవాలా, అద్దెకు తీసుకోవాలా అన్నది తేలలేదు. ఇలాంటి ప్రయాణం చేసినవారు, ముఖ్యంగా బయటి దేశాల్లో బండి నడిపి వచ్చినవారు, కాగితాల గురించీ, దారి గురించీ, ఎవరింట్లో ఎంతసేపు ఉండాలన్నదాని గురించీ రాస్తే ఉపకారం చేసినవారవుతారు.

కొర్లగుంట మాస్టారు:
ముందు మీ లైసెన్సు తీసి తేదీ చూడండి. గడువు తీరి ఏడాది లోపే అయితే పరీక్ష లేకుండా రెన్యూవల్ చేస్తారు. ఏడాది దాటితే మళ్లీ డ్రైవింగ్ పరీక్షకు నిలబడవలసిందే. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పటి నుంచి ఇదే నిబంధన. నలభై ఏళ్లు దాటినవారు ఫారం 1ఎ మీద డాక్టరు ధ్రువీకరణ కూడా జతచేయాలి. అమెరికా లైసెన్సు ఒక్కటే జేబులో పెట్టుకొని ఇక్కడ నడపడం కుదరదు; అక్కడ తీసుకున్న అంతర్జాతీయ పర్మిట్ కూడా ఉండాలి, దాని గడువు ఏడాదే. శాశ్వతంగా వచ్చేసినవారు ఇక్కడి లైసెన్సునే సరిచేసుకోవడం మేలు.

ఇక బండి. బావమరిది కారును మీరు నడిపినా, మీకు చెల్లే లైసెన్సు ఉన్నంతవరకు బండికి జరిగిన నష్టానికి ఇన్సూరెన్స్ వర్తిస్తుంది. కానీ పాలసీలో ఉండే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా యజమాని స్వయంగా నడిపినప్పుడు ఆయనకే తప్ప మీకు రాదు కాబట్టి, మీ దంపతులిద్దరికీ విడిగా పాలసీ తీసుకోండి. అద్దెకు తీసుకొని మీరే నడపదలచుకుంటే, నల్ల నంబరు ప్లేటు మీద పసుపు అక్షరాలున్న కారునే తీసుకోండి. తెలిసినవాళ్లే కదా అని సొంత వాడకానికి మాత్రమే ఉండే తెల్ల ప్లేటు కారును అద్దెకు తీసుకుంటే, రేపు దారిలో ఏదైనా జరిగినప్పుడు బీమా కంపెనీ చేతులెత్తేస్తుంది. ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్లను ఫోన్లో డిజీలాకర్ యాప్‌లో గానీ ఎంపరివాహన్ యాప్‌లో గానీ చూపించినా చెల్లుతాయి.

టోల్ విషయంలో కూడా సొంతవాళ్ల కారే లాభం. 2025 ఆగస్టు 15 నుంచి ప్రైవేటు కార్లకు వార్షిక ఫాస్టాగ్ పాసు వచ్చింది, మొదట్లో దాని ధర 3,000 రూపాయలు. 200 సార్లు టోల్ గేటు దాటడమో, ఏడాది గడవడమో, ఏది ముందైతే అంతవరకు అది పనిచేస్తుంది. అద్దె కార్లకు ఆ పాసు ఇవ్వరు. నాగపూర్‌కు వెళ్లే సమృద్ధి మార్గం, ఆగ్రా దాటాక వచ్చే యమునా ఎక్స్‌ప్రెస్‌వే, హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు రాష్ట్రాల కిందివి కాబట్టి అక్కడ పాసు చెల్లదు, ఫాస్టాగ్ ఖాతాలోంచి మామూలుగానే డబ్బు పోతుంది. ఖాతాలో కొంత నిల్వ ఉంచండి.

పీలేరు డ్రైవరు:
అన్నా, నేను కువైట్‌లో ఒక ఇంటి డ్రైవరుగా పనిచేసి వచ్చినవాణ్ని. మా పీలేరు, రాయచోటి వైపు ఈ పని చేసి తిరిగి వచ్చినవాళ్లు వీధికి ఒకరు దొరుకుతారు, అందరూ చెప్పే మాట ఒక్కటే. కుడివైపు నడిపి నడిపి వచ్చినవాడికి ప్రమాదం రద్దీ రోడ్డు మీద ఉండదు; నాలుగు పక్కలా బండ్లు ఉన్నప్పుడు వాటిని చూసి మనమూ ఎడమవైపే పోతాము. తెల్లవారుజామున పెట్రోలు బంకులోంచి ఖాళీ రోడ్డు మీదికి తిరిగేటప్పుడే చేతులు పాత అలవాటు కొద్దీ కుడివైపుకు తిప్పుతాయి. పక్కన కూర్చున్న వదినగారికి ముందే చెప్పి ఉంచండి, బంకు నుంచీ, హోటలు నుంచీ బయటికి వచ్చిన ప్రతిసారీ "ఎడమ" అని ఒక్క మాట గట్టిగా అనమనండి. ఇంకొకటి, ఇక్కడి మారుతి, హ్యుందాయ్ కార్లలో ఇండికేటరు కుడిచేతి వైపు ఉంటుంది. మొదట్లో మీరు మలుపు తిరగబోయినప్పుడల్లా వాన లేకుండానే వైపర్లు ఆడతాయి, వెనకవాడికేమో మీరు ఎటు తిరుగుతున్నారో తెలియదు.

బయలుదేరే ముందు పగటిపూట తిరుపతి నుంచి భాకరాపేట ఘాట్ మీదుగా పీలేరు దాకా వచ్చి వెళ్లండి. ఆ మలుపుల్లో ఎదురుగా బస్సు వచ్చినప్పుడు మీ ఎడమ చక్రం రోడ్డు అంచుకు ఎంత దూరంలో ఉందో అంచనా కుదిరితే, నాలుగు వరసల రోడ్డు మీద ఇబ్బంది పడరు. పెద్ద రోడ్ల మీద కూడా ఊళ్ల దగ్గర మోటారు సైకిళ్లు ఎదురుదారిలో వస్తాయి. చీకటి పడ్డాక వెనక లైట్లు లేని ట్రాక్టర్లు ఉంటాయి. అందుచేత పొద్దు గూకే వేళకు స్నేహితుడి ఇంట్లోనో లాడ్జిలోనో ఉండేటట్టు చూసుకోండి.

ఒకవేళ డ్రైవరును పెట్టుకుంటే, అతను ఎక్కడ పడుకుంటాడో, ఎక్కడ తింటాడో మీ స్నేహితులతో ముందే మాట్లాడండి. అపార్టుమెంటు సెల్లారులో దోమల మధ్య సీటు వాల్చుకొని పడుకున్నవాడు మరుసటి రోజు ఆరేడు వందల కిలోమీటర్లు నిద్ర ఆపుకుంటూ నడుపుతాడు. ఇది ఎవరూ అడగరు, మేము చెప్పుకోము.

చిత్తూరు కోడలు:
దారి గురించి మగవాళ్లు బాగానే చెప్పారు గానీ, ఈ ప్రయాణంలో కష్టమైనది ఇళ్ల విషయం. మేము సింగపూర్ నుంచి వచ్చాక ఇలాగే తిరిగాము. నా అభిప్రాయంలో పటం చూసి రోజులు లెక్కపెట్టుకోవడం కన్నా, ఏ ఇంట్లో పరిస్థితి ఎలా ఉందో తెలుసుకొని దాన్నిబట్టి దారి వేసుకోవడం మంచిది. పదో తరగతి, ఇంటర్ పిల్లలున్న ఇంటికి ఫిబ్రవరి చివర నుంచి మార్చి దాకా వెళ్లకూడదు. మంచం పట్టిన పెద్దవాళ్లున్న రెండు గదుల ఫ్లాటులో, ఎంత ప్రాణస్నేహితుడైనా సరే, రాత్రి బస చేయకూడదు. దగ్గర్లో లాడ్జి తీసుకొని పగలంతా వాళ్లతో గడపండి. మిగిలినచోట్ల రెండు రాత్రులు ఉండండి. మొదటి సాయంత్రం వంటలతోనూ, "నువ్వు లావయ్యావు, వాడు చిక్కాడు" అన్న మాటలతోనూ పోతుంది. అసలు మాటలు రెండో రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఎవరికీ ఏ పనీ లేనప్పుడు మొదలవుతాయి. ఒక్క రాత్రి ఉండి వచ్చేసిన ఇళ్లలో మాకు ఫొటోలు తప్ప ఏమీ మిగలలేదు.

మీ స్నేహితుల భార్యలకు మీ భార్య కొత్త అన్న సంగతి కూడా గుర్తు పెట్టుకోండి. మీరు హాస్టల్ కథలు చెప్పుకొని నవ్వుకుంటుంటే వాళ్లిద్దరూ వంటింట్లో వాతావరణం గురించి మాట్లాడుకుంటూ ఉంటారు. పూర్వాహ్నం వాళ్లిద్దరినీ ఎక్కడికైనా వెళ్లిరమ్మనండి, మీరు ఇంట్లో ఉల్లిపాయలు తరగండి.

మీరు విదేశంలో ఉండగా తల్లిదండ్రులు పోయిన స్నేహితులు ఉంటారు కదా. ఆ ఇంటికి మొదటిసారి వెళ్లడం పరామర్శే అవుతుంది, ఎన్నేళ్లు గడిచినా సరే. పుణెలో మా స్నేహితురాలి ఇంట్లో హాల్లో వాళ్లమ్మగారి ఫొటోకు గంధపు చెక్కల దండ వేసి ఉంది. మేము సామాన్లు దించి, చాక్లెట్ల డబ్బా బల్ల మీద పెట్టి, కుశల ప్రశ్నలు వేస్తున్నామే గానీ ఆమె మాటే ఎత్తలేదు. చివరికి కాఫీ గ్లాసులు తీస్తూ ఆవిడే, "అమ్మ చివర్లో నిన్ను రెండుసార్లు అడిగింది" అని చెప్పింది. అలాంటి ఇంట్లో అడుగు పెట్టగానే ముందు ఆ మాటే మాట్లాడండి. బయలుదేరేటప్పుడు "వెళ్లొస్తాం" అనకూడదని మా అత్తగారి పట్టింపు. మన వైపు చాలామందికి ఆ పట్టింపు ఉంది.

అలిపిరి వాసి:
అందరికీ ధన్యవాదాలు. కోడలు గారి మాట చదివాక ఫోన్లు చేసి చూశాను. హైదరాబాద్‌లో ఉన్నవాడు సంక్రాంతికి పాకాలలోని వాళ్ల ఇంటికి వస్తానంటున్నాడు. ఢిల్లీలో ఉన్నవాడు మనవడి పుట్టువెంట్రుకలకు తిరుమల వస్తాడట, దర్శనం టికెట్లు చూడమని నాకే అప్పగించాడు (తిరుపతి వాడికి ఈ దేశంలో స్నేహితుల కొరత ఎప్పుడూ ఉండదు). అలాంటప్పుడు ఢిల్లీ దాకా బండి తోలడం అవసరమా? పైగా బావమరిదిది పాత డీజిల్ కారు.

నాగపూర్‌లో రేణిగుంట వాడు:
అవసరం లేదు. నాగపూర్ నుంచి ఢిల్లీ వెయ్యి కిలోమీటర్ల పైమాటే, అదే దారిన తిరిగి రావాలి. పాత డీజిల్ కారుకు ఢిల్లీలో చిక్కులు కూడా ఉన్నాయి. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగకూడదన్న హరిత ట్రిబ్యునల్ ఆదేశాన్ని 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. 2025లో కొంత సడలింపు వచ్చినా, చలికాలంలో కాలుష్యం ముదిరినప్పుడు బీఎస్-4 (పాత కాలుష్య ప్రమాణాల) డీజిల్ కార్లను ఆపేసే ఆంక్షలు వేరే ఉన్నాయి. డిసెంబరు, జనవరిల్లో పొగమంచు సరేసరి. వెళ్లాలనే ఉంటే బండిని నాగపూర్‌లో మీ స్నేహితుడి అపార్టుమెంటులో వదిలి రైలెక్కండి. చెన్నై నుంచి ఢిల్లీ వెళ్లే ప్రధాన మార్గం మీదే ఉంది కాబట్టి రైళ్లకు కొదవ లేదు.

పుణె నుంచి ఇటు వచ్చేటప్పుడు సమృద్ధి మార్గం ఎక్కండి. ముంబై, నాగపూర్‌ల మధ్య 701 కిలోమీటర్ల ఈ రోడ్డు 2025 జూన్‌లో పూర్తిగా తెరుచుకుంది. రోడ్డు ఎంత బాగుంటుందంటే అదే దాని ప్రమాదం: గంటల తరబడి తిన్నగా పోతుంటే కళ్లు తెరిచే ఉన్నా మనిషి మొద్దుబారిపోతాడు, వేడెక్కిన పాత టైర్లు పేలిపోతాయి. ఎక్కే ముందు టైర్లు, స్టెప్నీతో సహా, చూపించండి. నీళ్లూ తిండీ దగ్గర పెట్టుకోండి.

మీకు వీలుంటే నాగపూర్ నుంచి సివనీ వైపు 44వ జాతీయ రహదారి మీద పెంచ్ అడవి దాకా ఒక పూట వెళ్లిరండి. పులులు, జింకలు కింద నుంచి దాటిపోవడానికి రోడ్డును స్తంభాల మీద ఎత్తి కట్టారు. శబ్దం, లైట్ల వెలుగు అడవిలోకి పోకుండా పక్కన అడ్డుగోడలు ఉంటాయి.

పలమనేరు రైతు:
బెంగళూరు వెళ్లేటప్పుడు చిత్తూరు దాటాక బంగారుపాళెం, పలమనేరుల మధ్య మొగిలి ఘాట్ వస్తుంది. ఎక్కేటప్పుడు లారీల వెనక తొందరపడవద్దు. పలమనేరు చుట్టుపక్కల కౌండిన్య అభయారణ్యం ఏనుగులు రాత్రిళ్లు పొలాల్లోకీ రోడ్ల మీదికీ వస్తాయి, కాబట్టి ఈ దారిలోనూ రాత్రి ప్రయాణం వద్దు. పొద్దున్నే బయలుదేరితే ముళబాగిలులో దోసె తినే వేళకు చేరతారు.

కాలం గురించి ఎవరూ రాయలేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు మన జిల్లాల మీదే పడతాయి. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట వైపు ఊళ్లు కొట్టుకుపోయాయి, కొద్దిరోజులకే తిరుమల ఘాట్ మీద కొండచరియలు విరిగిపడ్డాయి. మేలో నాగపూర్ ఎండకు తట్టుకోలేరు. సంక్రాంతి వెళ్లాక బయలుదేరి, పరీక్షలు మొదలయ్యేలోపు తిరిగి రావడమే సరైన కాలం.

తిరుచానూరు సుబ్బయ్య:
విదేశం నుంచి వచ్చినవాడు స్నేహితులకు ఏం తెస్తాడో అందరికీ తెలుసు కాబట్టి మొహమాటం లేకుండా రాస్తున్నాను. డ్యూటీ ఫ్రీ సీసాలు డిక్కీలో పెట్టుకొని రాష్ట్రాలు దాటవద్దు. బయటి నుంచి తెచ్చే మద్యానికి ఒక్కో రాష్ట్రం ఒక్కో లెక్క పెడుతుంది. మీరు నాగపూర్ చేరేముందు సమృద్ధి మార్గం వార్ధా జిల్లాలోంచి పోతుంది, హైదరాబాద్‌కు దిగేటప్పుడు 44వ నంబరు రోడ్డు కూడా అదే జిల్లాలోని హింగన్‌ఘాట్ మీదుగా వెళ్తుంది. గాంధీజీ సేవాగ్రామం ఉన్న ఆ జిల్లాలో మద్యనిషేధం ఉంది. ప్రయాణం మొదట్లో కొండకు వెళ్లి దండం పెట్టుకొని పోదామనుకుంటే అలిపిరి తనిఖీలోనే డిక్కీ తెరిపిస్తారు. మందు, సిగరెట్లు, మాంసం ఏవీ పైకి పోనివ్వరు.

చిత్తూరు కోడలు:
సుబ్బయ్య గారు చెప్పింది నిజం. తిరుపతి నుంచి వస్తున్నామంటే వాళ్లు ఎదురుచూసేది లడ్డూ కోసం. చాక్లెట్లు ఇప్పుడు ప్రతి సూపర్ మార్కెట్లోనూ ఉన్నాయి, మా పిల్లల స్నేహితులు వాటి వంక కూడా చూడలేదు. అయితే లడ్డూలను ప్లాస్టిక్ కవర్లో బిగించి డిక్కీలో పెడితే లోపల చెమ్మ పట్టి బూజు వస్తుంది. కాగితంలో విడివిడిగా చుట్టి, అట్టపెట్టెలో ఒకే వరసగా పేర్చి, వెనక సీటు కింద ఏసీ గాలి తగిలేచోట పెట్టండి. నెయ్యి కారుతుంది కాబట్టి కింద పాత తువ్వాలు పరవండి. నాగపూర్ వాళ్ల వాటా బెంగళూరులో తీయకండి, తీస్తే ముగ్గురు పిల్లలున్న ఇంట్లో మిగలదు.

అలిపిరి వాసి:
ఢిల్లీ మానేశాము. హైదరాబాద్ వాడిని పాకాలలోనే కలుస్తాను కాబట్టి ఆ ఊళ్లో ఆగే పని కూడా లేదు. బెంగళూరు, పుణె, నాగపూర్ చూసుకొని, హైదరాబాద్ ఔటర్ మీదుగా కర్నూలు, కడప దారిన వచ్చేస్తాము. కడప నుంచి రేణిగుంట రోడ్డు ఇప్పుడు ఎలా ఉంది?

పీలేరు డ్రైవరు:
రాజంపేట, కోడూరుల మీదుగా వచ్చే ఆ దారిలో చాలా దూరం రెండు వరసలే అన్నా. లారీలు ఎక్కువ, ఓవర్‌టేక్ చేయడానికి ఓపిక కావాలి. శేషాచలం అడవి అంచు వెంట ఎర్రచందనం కోసం చెక్‌పోస్టుల దగ్గర డిక్కీ తెరిపిస్తారు. సామాను పైన సర్ది, తెరవమన్నప్పుడు తెరిచి చూపిస్తే రెండు నిమిషాల పని. కడపలో రాత్రి ఆగి, తెల్లవారాక బయలుదేరండి, మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉంటారు. దారిలో బండి ఆగిపోతే జాతీయ రహదారుల మీద 1033కు ఫోన్ చేయవచ్చు.