పోతపాలు కలిపి పడుతున్న బిడ్డకు రోగనిరోధక శక్తి తగ్గుతుందా?

ప్రశ్న – పసిపాప అమ్మ:
మా పాపకు మూడో నెల. సిజేరియన్ అయ్యాక మొదటి రెండు రోజులు నాకు పాలు సరిగా పడకపోవడంతో ఆసుపత్రిలోనే డబ్బా పాలు మొదలుపెట్టారు. ఇప్పుడు పగలంతా నా పాలే ఇస్తున్నాను, రాత్రి రెండుసార్లు డబ్బా పాలు పడుతున్నాము. పోతపాల బిడ్డలు ఊరికే జబ్బు పడతారని మా అత్తగారు బెంగపడుతున్నారు, బలానికి గాడిద పాలు పట్టమని పక్కింటివారు చెబుతున్నారు. నిజంగా ఎంత తేడా ఉంటుందో తెలిసినవారు చెప్పగలరా?

జవాబు – సూక్ష్మజీవశాస్త్ర అధ్యాపకుడు:
తేడా ప్రధానంగా పేగులలో ఉంటుందండీ. గర్భంలో ఉండగా మాయ ద్వారా బిడ్డకు అందిన ఐజీజీ రకం ప్రతిరక్షకాలు (క్రిములతో పోరాడే యాంటీబాడీలు) కొన్ని నెలలలో క్రమంగా తగ్గిపోతాయి; పేగు గోడను కాపాడే ఐజీఏ అనే మరో రకం ప్రతిరక్షకాన్ని బిడ్డ శరీరం పుట్టిన కొత్తలో తగినంత తయారు చేసుకోలేదు. ఆ లోటును తీర్చేవి తల్లిపాలు, అందులోనూ ముర్రుపాలు. తల్లి పేగులలోకి ఏ క్రిమి వచ్చినా దానిని గుర్తించిన కణాలు రొమ్ము వరకు ప్రయాణించి అక్కడ దానికి సరిపడే ఐజీఏను పాలలోకి పంపుతాయి కనుక, మీ ఇంట్లో తిరిగే క్రిములకు తగిన రక్షణే మీ పాపకు దొరుకుతుంది. ఇది ఏ డబ్బాలోనూ రాదు. తల్లిపాలలో బిడ్డ అరిగించుకోలేని చక్కెరలు కూడా వందకు పైగా రకాలు ఉంటాయి. అవి బిఫిడోబాక్టీరియా అనే మేలు చేసే సూక్ష్మజీవులకు ఆహారం. కొన్ని కంపెనీలు వాటిలో కొద్ది రకాలను మాత్రమే పొడిలో కలుపుతున్నాయి, అంతే.

జవాబు – గణాంకాల మనిషి:
పై మాటలు సరైనవే కాని, వాటి నుంచి ఎంత దూరం ఊహించుకోవచ్చో కూడా చూడాలి. తల్లిపాలు ఇచ్చే కుటుంబాలకూ ఇవ్వని కుటుంబాలకూ చదువు, ఆదాయం వంటివి వేరుగా ఉంటాయి కాబట్టి మామూలు పోలికలు మోసం చేస్తాయి. అందుకే బెలారస్‌లో 1996–97లో సుమారు 17,000 మంది తల్లీబిడ్డలతో మొదలైన ప్రయోగానికి అంత విలువ: అక్కడ లాటరీ పద్ధతిలో ఎంపిక చేసిన కొన్ని ఆసుపత్రులలో మాత్రమే తల్లిపాలకు ప్రత్యేక ప్రోత్సాహం ఇచ్చారు. మొదటి ఏడాదిలో పేగుల ఇన్ఫెక్షన్ వచ్చిన పిల్లలు ఆ ఆసుపత్రుల వైపు 9.1 శాతం, మిగతా వైపు 13.2 శాతం. శ్వాసకోశ ఇన్ఫెక్షన్లలో మాత్రం చెప్పుకోదగిన తేడా కనిపించలేదు, ఆరున్నర ఏళ్ల వయసులో ఉబ్బసమూ అలర్జీలూ తగ్గలేదు. కనుక మీ అత్తగారి బెంగలో కొంత నిజం ఉన్నా, డబ్బా పాలు తాగినంత మాత్రాన బిడ్డ బలహీనురాలు అయిపోదు.

జవాబు – పిల్లల వార్డు నర్సు:
అమ్మా, గాడిద పాలు వద్దు. వీధిలో అప్పటికప్పుడు పిండి ఇచ్చే పచ్చిపాలలో ఏ క్రిములున్నాయో చెప్పలేము. డబ్బా పొడి కూడా క్రిమిరహితం కాదు. అందుకే మరిగించిన నీళ్లు 70 డిగ్రీలకంటే చల్లారకముందే పొడి కలిపి, తరువాత గోరువెచ్చగా చల్లార్చి పట్టాలి. డబ్బాలో వచ్చిన చెంచాతో చదునుగా కొలవండి, పాప తాగగా మిగిలినవి పారబోయండి. సీసా, పాలపీక శుభ్రం చేయడం కష్టం, ఉగ్గుగిన్నె అయితే కడగడం సులువు. రాత్రి పూట తల్లికి పాలు ఊరేలా చేసే హార్మోను ఎక్కువగా ఉంటుంది కనుక, వీలైతే ఆ రెండింటిలో ఒకసారైనా ముందు మీ రొమ్మే పట్టించి చూడండి. పాల రాక పెరిగే అవకాశం ఉంది. డబ్బా పాలు మాత్రం ఒక్కసారిగా మానేయకుండా, పాప బరువు చూపించి డాక్టరు సలహాతో తగ్గించండి. టీకాలు మాత్రం ఒక్కటీ తప్పించవద్దు.