పాసింజర్ బండి నష్టం ప్రభుత్వం భరించాలా? రైల్వే లెక్కలు తెలిసినవాళ్లు చెప్పండి

నమస్కారమండీ. మాది శ్రీకాకుళం జిల్లా, పొందూరు దగ్గర. పొద్దున విశాఖ వైపు ఇంకో పాసింజర్ వేయమని చుట్టుపక్కల ఊళ్లవాళ్లం కలిసి అర్జీ రాస్తున్నాం. అందులో ఒక చోట ఆగిపోయాం.

"నష్టమొచ్చే బండికి జనం పన్నుల డబ్బు ఎందుకు పెట్టాలి?" అని మాలో ఒక పెద్దాయన అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ప్రయాణ ఖర్చులో సగటున 57 శాతమే వసూలవుతోందని టికెట్ల మీదే అచ్చువేశారు. మిగతా లోటు చాలావరకు బొగ్గు, ఇనుప ఖనిజం లాంటి సరుకు రవాణా ఆదాయంతో పూడుస్తారు. అమెరికాలో 1971లో మొదలైన ప్రయాణికుల రైళ్ల సంస్థ ఆమ్‌ట్రాక్‌కీ అక్కడి ప్రభుత్వం డబ్బిస్తూనే ఉంది.

నా మటుకు నాకు, ఇవ్వాల్సిందే అనిపిస్తుంది. మా బండిలో తలుపు దగ్గర ఆకుకూరల మూటలు, సంచిలో తాపీ పెట్టుకున్న మేస్త్రీలు, కాలేజీ పిల్లలు. కొవిడ్ తర్వాత కనీస చార్జీ 10 నుంచి 30 రూపాయలైంది. రానూపోనూ 60 అంటే కూలీకి ఎంత భారమో చెప్పక్కర్లేదు. 2024 ఫిబ్రవరిలో మళ్లీ 10కి తగ్గించాకే ఊపిరి పీల్చుకున్నారు. రోడ్డు వేస్తే దాన్ని నష్టం అనరు కదా, రైలుకే ఎందుకీ లెక్క?

కానీ అర్జీలో ఆవేశం సరిపోదు, అంకెలు కావాలి. ఒక్కో పాసింజర్ బండి ఖర్చు, రాబడి విడిగా దొరుకుతాయా? సమాచార హక్కు దరఖాస్తు డివిజన్‌కి పెట్టాలా, జోన్‌కా? ఇలాంటి అర్జీ పెట్టి బండి సాధించుకున్న ఊరివాళ్లు ఉంటే, అందులో ఏం రాశారో దయచేసి చెప్పండి.