బ్విండీ అడవి పక్క ఊళ్లో అమ్మతో నాలుగు రాత్రులు, కుదురుతుందా?

తూర్పుగాలి:
అందరికీ నమస్కారం. ఉగాండాలో బ్విండీ నేషనల్ పార్కు పక్కనున్న బుహోమా అనే ఊళ్లో జూలైలో నాలుగు రాత్రులు ఉందామనుకుంటున్నాం, నేనూ అమ్మా. గొరిల్లాలను చూడాలన్నది అమ్మ కోరిక, నాన్న ఉన్నప్పుడు ఇద్దరూ రాత్రిళ్లు టీవీలో అడవి ప్రోగ్రాములు చూసేవాళ్లు, అప్పటి నుంచీ మనసులో ఉండిపోయింది. అమ్మకి 63 ఏళ్లు, బీపీ మాత్రలు వేసుకుంటుంది, రోజూ గంట నడుస్తుంది కానీ దిగేటప్పుడు ఎడమ మోకాలు పట్టేస్తుంది.
ట్రావెల్ ఏజెంటు ఒక్క రాత్రి చాలంటున్నాడు. అంత దూరం వెళ్లి గంటసేపు గొరిల్లాలను చూసి ఊరి మొహమైనా చూడకుండా తిరిగిరావడం నాకు ఇష్టం లేదు. పైగా పర్మిట్లు రుషాగా అనే చోట దొరికాయట, బస మాత్రం బుహోమాలో చూపించాడు. రెండూ ఒకే పార్కు కదా, పర్లేదా? మేం మాంసం, గుడ్డు తినం. అంత లోపలి ఊళ్లో ఒంట్లో బాగోకపోతే ఏంటి పరిస్థితి అన్నది అసలు టెన్షన్. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి ప్లీజ్.

కంపాలా తెలుగు:
డబ్బు కట్టేముందు ఆ పర్మిట్ సంగతి తేల్చుకోండి, మిగతావన్నీ తర్వాత. పార్కు ఒకటే, కానీ బుహోమా, రుహిజా, రుషాగా, ఎన్‌కురింగో అని నాలుగు వైపులుంటాయి, పర్మిట్ ఏ వైపుకి ఇచ్చారో పొద్దున ఎనిమిదింటికల్లా అక్కడే ఉండాలి. మ్యాపులో బుహోమా, రుషాగా పక్కపక్కనే కనిపిస్తాయి, మధ్యలో ఉన్నది మాత్రం అడవి, కారు కొండల చుట్టూ తిరిగి వెళ్లాలి, నాలుగైదు గంటలు పట్టొచ్చు. మాకు సరిగ్గా ఇదే జరిగింది, మా ఏజెంటు ఇలాగే కలిపేస్తే తెల్లవారుజామున రెండింటికి లేచి ఆ మట్టిరోడ్ల మీద చీకట్లో వెళ్లాం, మా ఆవిడ దారంతా వాంతులు, ఆ అలసటతోనే కొండ ఎక్కింది. మీ అమ్మగారికి ఆ పరిస్థితి రానివ్వకండి. పర్మిట్ అయినా మార్చమనండి, బస అయినా మార్చమనండి. విదేశీయులకి 2024 జూలై నుంచి ఒక్కో పర్మిట్ 800 డాలర్లు, ఇంత పెట్టి పొరపాటు చేయకూడదు.
విమానం దిగే ఎంటెబ్బే నుంచి బుహోమాకి ఎనిమిది నుంచి పది గంటలు. అమ్మగారు ఉన్నారు కాబట్టి ఒక్క రోజులో లాగకండి, లేక్ ఎంబురో దగ్గర ఒక రాత్రి ఆగితే హాయిగా ఉంటుంది. తిరిగొచ్చేటప్పుడు ఇషాషా మీదుగా వస్తే అంజూర చెట్లెక్కి పడుకునే సింహాలు కూడా కనిపించొచ్చు.
తిండికి ఇబ్బంది లేదండి. ఉడికించిన అరటికాయ ముద్ద, దాన్ని మటోకే అంటారు, చిక్కుడు గింజల కూర, వేరుశెనగ పులుసు, చిలగడదుంప, మన తోటకూరలాంటి ఆకుకూర, దాన్ని డోడో అంటారు. చపాతీ ఎక్కడైనా దొరుకుతుంది. చాలామందికి చేపలు మాంసం కింద లెక్క కాదు, అందుకని శాకాహారం అంటే సరిపోదు, చేప వద్దు, గుడ్డు వద్దు అని పేరుపేరునా చెప్పండి.

నడకదారి:
ఆరోగ్యం గురించి నేను చెప్తాను, రెండేళ్ల క్రితం మా నాన్నతో బుహోమాలోనే ఐదు రోజులున్నాను.
ఎల్లో ఫీవర్ టీకా కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, టీకా వేసినట్టు ఇచ్చే పసుపు కార్డు లేకుండా తిరిగి ఇండియాకి వస్తే ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో పెడతారు. 60 దాటినవాళ్లకి ఈ టీకా విషయంలో డాక్టరు విడిగా చూసి చెప్పాలి, అమ్మగారి మందుల చీటీ పట్టుకుని ఇప్పుడే వెళ్లండి, చివరి వారం దాకా ఆగొద్దు. బుహోమా సుమారు 1,500 మీటర్ల ఎత్తులో ఉంది, రాత్రి స్వెటర్ కావాలి, అయినా మలేరియా లేదనుకోవద్దు. బీపీ మందులతో మలేరియా మందు పడుతుందో లేదో అదే డాక్టరుని అడగండి. ఊళ్లోనే బ్విండీ కమ్యూనిటీ హాస్పిటల్ ఉంది, అమెరికన్ డాక్టరు స్కాట్ కెల్లర్‌మాన్ 2003లో చిన్న క్లినిక్‌గా మొదలుపెట్టింది. అడవి అంచు ఊరికి అది చాలా పెద్ద ధైర్యం.
ఇంకొకటి, ఇది నా మనసుకి బాగా పట్టింది. జలుబు ఉంటే గొరిల్లాల దగ్గరికి వెళ్లకండి, దాచిపెట్టి అసలే వెళ్లకండి. మన జలుబు వాటికి అంటుకుంటుంది, వాటికి అది న్యుమోనియా దాకా పోవచ్చు. 2018 లెక్కింపులో బ్విండీ, దాన్ని ఆనుకున్న సరంబ్వే అడవి కలిపి 459 గొరిల్లాలే తేలాయి. మా గుంపులో ఒకాయన పొద్దున్నే దగ్గుతూ "దుమ్ము పడలేదు" అంటూ వచ్చాడు, రేంజరు పక్కకి పిలిచి మెల్లగా మాట్లాడి ఆపేశాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి, చూడ్డానికి బాధేసింది, అయినా రేంజరు చేసిందే సరైనది. నాలుగు రాత్రులు ఉండమని నేను గట్టిగా చెప్పేది ఇందుకే, ట్రాకింగ్, అంటే గొరిల్లాల కోసం అడవిలో నడక, మూడో రోజు పెట్టుకోండి, విమానంలో పట్టుకున్న జలుబేదైనా ఉంటే ఈలోపు తెలిసిపోతుంది, అలసటా తీరుతుంది.
నడక గంటలో అయిపోవచ్చు, ఆరు గంటలూ పట్టొచ్చు, ఆ రోజు గొరిల్లాలు ఎక్కడుంటే అక్కడికి పోవాలి. దారిలో ముట్టుకుంటే భగ్గుమనే ఆకులుంటాయి, తోటపని గ్లౌజులు తీసుకెళ్లండి, ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపుకోండి, చీమలు ఎక్కేస్తాయి. పోర్టరుని తప్పకుండా పెట్టుకోండి, 15, 20 డాలర్లు అవుతుంది. మా నాన్న దిగేటప్పుడు ఆ అబ్బాయి తను ముందు దిగి, బురదలో మడమ తొక్కిపెట్టి నిలబడి, "ఇక్కడ" అని తన బూటు మీద చెయ్యి పెట్టి చూపించేవాడు, నాన్న తన పాదాన్ని ఆ బూటుకి ఆనించి దిగేవారు. కొండంతా అలాగే దిగారు. అస్సలు నడవలేకపోతే కుర్చీలాంటి పల్లకీలో మోసుకెళ్లే ఏర్పాటు కూడా ఉంది, ముందే చెప్పిపెట్టాలి.

చెట్టునీడ:
ట్రాకింగ్ గురించి అందరూ చెప్పారు, ఊరి గురించి నేను చెప్తాను. ఒక్క రాత్రి ఉండేవాళ్లకి ఈ ఊరు కనిపించదు. రెండో రోజు పొద్దున వరండాలో కూర్చుంటే ఎదురుగా అడవి మొత్తం మంచులో మునిగి ఉంటుంది, ముందు పక్షుల గోల, తర్వాత ఎవరో కట్టెలు కొడుతున్న చప్పుడు, తొమ్మిదింటికి మంచు కొద్దికొద్దిగా లేచి చెట్లు ఒక్కొక్కటీ బయటపడతాయి. అడవి అంచున కొన్నిచోట్ల తేయాకు తోటలు ఎందుకు వేశారో అడిగాను. గొరిల్లాలు అరటి బోదెలు చీల్చి తింటాయి, తేయాకు జోలికి రావు, అందుకని పొలానికీ అడవికీ మధ్య అదొక కంచె అట. గొరిల్లా పక్కన బతకడం అంటే ఏంటో నాకు అప్పుడు అర్థమైంది, అరటితోట పోయినవాడికి అది టీవీలో చూసే జంతువు కాదు కదా.
బట్వాల గురించి తెలుసుకుని వెళ్లండి. తరతరాలుగా ఈ అడవిలోనే బతికినవాళ్లు, 1991లో ఇది నేషనల్ పార్కు అయినప్పుడు బయటికి పంపేశారు, భూమి దక్కలేదు. వాళ్లకి పరిహారం రావాలని 2021లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం చెప్పింది. పర్యాటకుల కోసం బట్వా నడకలు ఉంటాయి, అందులో ఎంత డబ్బు వాళ్ల చేతికి వెళ్తుందో ముందు అడిగి ఎంచుకోండి, ఫోటో తీసేముందు కూడా అడగండి. రోడ్డు పక్కన పిల్లలు డాన్స్ చేసి చెయ్యి చాపుతారు, వాళ్ల చేతికి డబ్బు ఇవ్వకండి, మనం ఇచ్చేకొద్దీ బడి మానేస్తారు. దాని బదులు ఊరివాళ్లు అల్లిన బుట్ట ఒకటి కొనండి, ఊరివాళ్లనే గైడుగా పెట్టుకోండి. షిల్లింగులు చిల్లరగా ఉంచుకోండి, డాలర్లయితే కొత్త నోట్లే, పాత సిరీస్‌వి తీసుకోరు. ఎదురైనవాళ్లకి "అగాండి" అనండి, ఎలా ఉన్నారు అని, మొహాలు విచ్చుకుంటాయి.

తూర్పుగాలి:
అందరికీ చాలా చాలా థాంక్సండీ. ఏజెంటుతో మాట్లాడాను, పర్మిట్లు బుహోమాకే మార్చి తేదీ మూడో రోజుకి పెట్టించాను. డాక్టరు దగ్గరికి సోమవారం వెళ్తున్నాం. అమ్మకి అన్నీ చదివి వినిపించాను, పల్లకీ మాట మాత్రం వినగానే వద్దంది. నన్ను ఇంకొకళ్లు మోయడమేంటి, నడవలేకపోతే దూరం నుంచి అడవిని చూసి వచ్చేస్తానంటోంది.

నడకదారి:
మా నాన్న కూడా అదే మాట అన్నారు. మోసేవాళ్లంతా ఆ ఊళ్లవాళ్లే, వాళ్లకి అది ఆ రోజు కూలి అని అమ్మగారికి చెప్పండి. ముందైతే ఇద్దరు పోర్టర్లని పెట్టుకోండి, ఒకళ్లు ముందు, ఒకళ్లు వెనక. పొద్దున బ్రీఫింగ్‌లో రేంజరుకి మోకాలి సంగతి చెప్తే, వీలుంటే దగ్గర్లో ఉన్న గుంపు వైపు పంపిస్తారు. మా నాన్నని అలాగే పంపారు.