చర్చ: నూషి దాద్‌గోస్తార్ 2021లో ప్రభుత్వాన్ని పడగొట్టడం తప్పా, ఒప్పా?

గోదారిగట్టు:
తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. స్వీడన్ వామపక్ష పార్టీ నాయకురాలు ఈవిడ. ఇరాన్ నుంచి శరణార్థులుగా వచ్చిన దంపతులకు 1985లో పుట్టింది. 2014లో పార్లమెంటుకొచ్చి ఇళ్ల సమస్యల మీద పనిచేసింది. 2020 అక్టోబరులో యోనాస్ షోస్టెడ్ దిగిపోతే పార్టీ పగ్గాలు పట్టింది. ఎనిమిది నెలలు తిరక్కుండానే, 2021 జూన్ 21న, ఈవిడ పార్టీ కూడా ఎదురు ఓటేయడంతో, ప్రధాని స్తెఫాన్ లొవేన్ తనకు వ్యతిరేకంగా పడ్డ 181 ఓట్లతో అవిశ్వాసంలో ఓడిపోయాడు. ఆ దేశంలో అలా ఓడిన మొదటి ప్రధాని ఆయనే. గొడవల్లా కొత్తగా కట్టే ఫ్లాట్ల అద్దెను మార్కెట్‌కు వదిలేద్దామన్న ప్రభుత్వ ప్రతిపాదన మీద. నా దృష్టిలో ఆవిడది ధైర్యం.

చలిమంట:
ఆ తీర్మానం పెట్టిందెవరో రాయలేదేం మాస్టారూ? స్వీడన్ డెమొక్రాట్లు. వలసలంటే గిట్టని పార్టీ. శరణార్థుల కూతురు వాళ్లతో కలిసి ఓటేసింది.

గోదారిగట్టు:
అవిశ్వాసం పెట్టాలంటే 35 మంది ఎంపీలు కావాలి. ఈవిడ దగ్గరున్నది 27. ఎవరు పెడితే ఏంటి? 2019 జనవరిలోనే షోస్టెడ్ లొవేన్‌కు చెప్పాడు: నిన్ను ప్రధాని కానిస్తాం, అద్దెల జోలికి, ఉద్యోగ భద్రత చట్టం జోలికి వస్తే మాత్రం దించేస్తాం అని. ఈవిడ ఆ మాట నిలబెట్టింది.

చలిమంట:
నేనడిగింది లెక్క కాదు. తీర్మానం ఎవరిది?

మంచుపిల్లి:
పకోడీలు వేయిస్తున్నా, కానివ్వండి.

గోదారిగట్టు:
బాబూ, ఆ తర్వాత ఏమైందో చూడు. లొవేన్ జులైలో మళ్లీ ప్రధాని అయ్యాడు, అద్దెల ప్రతిపాదన మాత్రం అటకెక్కింది. ఆవిడకు కావాల్సింది అదే.

మాల్మో_మాలతి:
ఇద్దరూ జూన్ దగ్గరే ఇరుక్కుపోయారు. నవంబరు సంగతేంటి? లొవేన్ దిగిపోయాక, పింఛన్లు పెంచుతామన్న ఒప్పందం మీద నూషి ఆయన పార్టీకే చెందిన మాగ్దలేనా ఆండర్సన్‌ను ప్రధాని కానిచ్చింది. వామపక్షంతో బేరమేంటని సెంటర్ పార్టీ బడ్జెట్‌కు చెయ్యిచ్చింది. ప్రతిపక్షం బడ్జెట్ నెగ్గింది, ప్రభుత్వంలో భాగస్వాములైన గ్రీన్స్ పార్టీవాళ్లు బయటికి పోయారు, ఆండర్సన్ ఏడు గంటల్లో రాజీనామా! (ఐదు రోజులకు మళ్లీ వచ్చిందనుకోండి.) 2022 ఎన్నికల్లో నూషి పార్టీ 8 శాతం నుంచి 6.75కి, 2018లో గెలిచిన 28 సీట్ల నుంచి 24కి పడింది. కుడిపక్షాలు 176–173 సీట్లతో గద్దెనెక్కాయి. ధైర్యం సరే, ఫలితం?

గోదారిగట్టు:
2024 యూరప్ ఎన్నికల్లో 11 శాతం వచ్చింది, అది రాయరేం?

చలిమంట:
శాతాలు మీరే ఉంచుకోండి. స్టాక్‌హోమ్‌లో ఆరేళ్లలో నాలుగు ఇళ్లు మారాను. అన్నీ సెకండ్ హ్యాండ్ కాంట్రాక్టులే, అంటే ఇల్లు తన పేరు మీద ఉన్నవాడి దగ్గర మళ్లీ అద్దెకు తీసుకోవడం. ఒకాయన "మా అబ్బాయి తిరిగొస్తున్నాడు, నెలలో ఖాళీ చెయ్" అన్నాడు. పాప బడి మధ్యలో మార్చాం. ఆ ఇంటికి అతను కట్టేది ఎంతో, నా దగ్గర తీసుకున్నది ఎంతో తర్వాత తెలిసింది. సొంత పేరు మీద అద్దె ఇల్లు కావాలంటే నగరం నడిపే ఇళ్ల క్యూలో పదేళ్లు ఆగమంటారు. ఎక్కువైనా సరే అద్దె కడతాను, నా పేరు మీద ఒక ఇల్లు ఇవ్వండి అనేవాడికి ఆవిడ ఏం చేసింది? మీది ఫస్ట్ హ్యాండేనా, మీ పేరు మీదే ఉందా మాస్టారూ?

గోదారిగట్టు:
అవును, 2009 నుంచి. అయితే?

చలిమంట:
అదీ సంగతి. లోపలున్నవాడికి ఆవిడ దేవత.

గోదారిగట్టు:
నోరు జాగ్రత్త. మా ఆవిడ ఇళ్లలో ముసలివాళ్లను చూసుకునే పని చేస్తుంది. ఈ రోజు కొత్త ఫ్లాట్లంటారు, రేపు పాతవాటి మీద పడతారు. మా జీతాలకు ఊరి చివరికి పోవాలి. పైగా కొత్త కట్టడాలకు పదిహేనేళ్ల దాకా ఖర్చుకు తగ్గ అద్దె పెట్టుకునే వీలు అప్పటికే ఉంది, అద్దెదారుల సంఘంతో మాట్లాడుకుంటే చాలు. అలాంటి ఫ్లాట్లు నీకు దొరికాయా? అద్దె పెంచితే ఇళ్లు మొలుస్తాయా?

చలిమంట:
మొలవకపోయినా ఉన్నవాటిలో ఒకటి నాకు అందుతుంది.

గోదారిగట్టు:
అంటే ఎవరో ఒకరు ఖాళీ చెయ్యాలి. మేమే కదా?

(రెండు గంటలు ఎవరూ రాయలేదు.)

మాల్మో_మాలతి:
చలిమంట గారూ, క్యూలో పేరుందా? ఏటా 200 క్రోనర్లు కట్టడం మానకండి, పోగైన రోజులన్నీ పోతాయి.

చలిమంట:
ఒక ఏడాది మర్చిపోయా. మళ్లీ సున్నా నుంచి.

మంచుపిల్లి:
అయ్యో.

గోదారిగట్టు:
అది మాత్రం ఆవిడ మీద వెయ్యకు తమ్ముడూ.

చలిమంట:
వెయ్యను. తీర్మానం పెట్టిన పార్టీ పేరు మాత్రం మీరింకా మీ చేత్తో రాయలేదు.